అప్పన్న మెదడు ఎందుకు నున్నగా ఉంది

పోర్ట్ బ్లెయిర్‌లో పిల్లల వార్డులో కొత్తగా చేరే డాక్టర్లకు ముందుగా ఒక సంగతి చెప్పేస్తాను. మీరు చదివిన చదువులో సగం ఓడ రాకపోతే పనికిరాదు. మూర్ఛ మందు సీసాలు ఓడలో రావాలి. పెద్ద స్కాన్ కావాలంటే బిడ్డ ఓడెక్కి పోవాలి. రక్తపరీక్ష జవాబు మళ్లీ సముద్రం దాటి రావాలి. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన కుర్ర డాక్టర్లు మొదటి నెలంతా దీని మీద చిందులు తొక్కుతారు. తర్వాత నాలాగే నోరు మూసుకుని హాడో ఓడరేవు వైపు చూస్తూ కూర్చోవడం అలవాటు చేసుకుంటారు.

మా నాన్న శ్రీకాకుళం నుంచి ఇక్కడి తెలుగు బడికి టీచరుగా వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, చదువుకు మాత్రం బయటికి వెళ్లాను, తిరిగొచ్చి ఈ వార్డులోనే పనిచేసి రిటైరయ్యాను. ప్రమోషన్ల గురించీ ట్రాన్స్‌ఫర్ల గురించీ రాయను, అవి అందరి ఉద్యోగాల్లోనూ ఒకేలా ఉంటాయి. ఒక బిడ్డ గురించి, ఆ ఇంటి గురించి రాస్తాను. జబ్బు పేరు కనిపెట్టడం నాకు చాలాసార్లు చేతనైంది. ఆ పేరు ఇంటివాళ్లకు చెప్పడం మాత్రం ఎంత సర్వీసు చేసినా పూర్తిగా చేతకాలేదనే అనుకుంటాను.

అన్నిటికీ సునామీయే

సునామీ తర్వాత ఏడాదంతా మా ఓపీలో ఒకటే మాట. బిడ్డ అన్నం తినకపోతే సునామీ, పక్క తడిపితే సునామీ, నత్తి వస్తే సునామీ. కొన్నిటికి నిజంగా అదే కారణం. కళ్లముందు ఇల్లు కొట్టుకుపోతే పసివాడు పక్క తడపక ఏం చేస్తాడు? కానీ గజ్జినీ నులిపురుగుల్నీ కూడా దాని మీదికే నెట్టేసేవారు. వాళ్లలో డాక్టర్లూ ఉన్నారు.

అప్పుడు మా వార్డుకు పెద్ద, వయసు మీదపడ్డ ఒక బెంగాలీ డాక్టరు. ముక్కోపి. కేసు షీటులో కారణం రాసే చోట ఎవరైనా 'సునామీ' అని రాస్తే పెన్నుతో కొట్టేసి, "జో మాలూమ్ నహీ, వో మత్ లిఖో" అనేవాడు. తెలియనిది రాయొద్దు, ఖాళీగా వదిలెయ్యమని. నాకప్పుడు ఆయన గుండె లేని మనిషనిపించేవాడు. దీవులన్నీ ఏడుస్తుంటే ఈయనకు పెన్ను పట్టింపులేమిటని మనసులో తిట్టుకునేదాన్ని. ఆయన ఎందుకలా అనేవాడో తెలియడానికి నాకు అప్పన్న కావలసి వచ్చాడు.

అప్పన్న తల్లి పేరు నూకాలు. ఇక్కడికి దక్షిణాన ఇంకో దీవిలో ఉన్న హట్‌బేలో చేపలు పట్టుకుని బతికే కుటుంబం, తాతల కాలంలో మా ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చినవాళ్లే. అల వచ్చిన రోజు ఆమె నాలుగు నెలల కడుపుతో ఉంది. ఆమె తల్లి ఆ అలలోనే పోయింది. ఇంకా లంగాల వయసులో ఉన్న చెల్లెలు గౌరిని చెయ్యి పట్టుకుని లాక్కుంటూ నూకాలు కొండెక్కి బతికింది. భర్త రాములు ఆ పొద్దు బోటు మీద లోతు నీళ్లలో ఉన్నాడు కాబట్టి అతనికేమీ కాలేదు. తర్వాత అందరినీ పోర్ట్ బ్లెయిర్ తెచ్చి రేకుల షెడ్డులో పెట్టారు. ఆపైన వాళ్లు ఊరికి దూరంగా సముద్రపు ఒడ్డునున్న వండూర్‌లో చుట్టాల పక్కన ఇల్లు వేసుకున్నారు. బిడ్డ పుట్టాక అప్పన్న అని పేరు పెట్టుకున్నారు.

బిడ్డకు ఐదో నెల వచ్చేసరికి నిద్రలేవగానే ఒక చేష్ట మొదలైంది. ఒళ్లంతా ముడుచుకుని, తల వంచి, చేతులు ముందుకు చాపి వరసగా దండాలు పెడుతున్నట్టు చేసేవాడు. నూకాలు అత్తగారు పోలమ్మ అది చూసి మురిసిపోయింది. మనవడు అప్పుడే దేవుడికి మొక్కుతున్నాడని వాడ వాడంతా పిలిచి చూపించింది. చాలా రోజులు రోజూ పొద్దున్నే జనం వచ్చి చూసి, తిరిగి వాళ్లూ దండం పెట్టి వెళ్లారు. పిల్లల డాక్టర్లకు ఆ దండం చూస్తే భయం వేస్తుంది. అది మూర్ఛలో ఒక రకం, అందులోనూ మంచిది కాని రకం. పసిబిడ్డ వరసగా దండాలు పెడుతున్నాడని ఎవరైనా నవ్వుతూ చెబితే ఆ రోజే ఆ బిడ్డను చూడండి, రేపటిదాకా ఆగకండి.

మందులు మొదలుపెట్టి, ఓడలో మెయిన్‌లాండ్ పంపి స్కాన్ తీయించాం. మామూలు మెదడు అక్రోటు పప్పులా ముడతలు ముడతలుగా ఉంటుంది. అప్పన్నది నున్నగా ఉంది. అక్కడ చూసిన పెద్ద డాక్టరు, ఎంతో పేరున్న మనిషి, తలుపు దగ్గర నిలబడి రాములును నాలుగు ప్రశ్నలు అడిగాడట. నాలుగో నెలలో సునామీ అని వినగానే, ఆ షాక్ వల్ల అయ్యుండొచ్చని ఒక మాట అని వెళ్లిపోయాడట. ఆయన ఆ మాటను మధ్యాహ్నం భోజనానికే మర్చిపోయి ఉంటాడు. వండూర్‌లో అది పదేళ్లు బతికింది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర కారణాలు చెప్పే డాక్టరు ఎంత గొప్పవాడైనా సరే, నాకు గౌరవం లేదు.

బోటును పైకి లాగడం

కొంచెం సైన్సు చెప్పాలి. మెదడు కణాలు అవి ఉండాల్సిన చోట పుట్టవు. తల లోపల, నీళ్లుండే గదుల అంచున పుట్టి, అక్కడి నుంచి పైపొర దాకా నడిచి వెళ్లాలి. ముందు వెళ్లినవి కింది వరసలో ఆగుతాయి, వెనక వచ్చినవి వాటిని దాటుకుని పై వరసకు చేరతాయి. నడిచే కణం మొదట ముందుకు ఒక సన్నటి చెయ్యి చాపుతుంది. ఆ తర్వాత తన బరువైన నడిమి ముద్దను, అంటే కేంద్రకాన్ని, ఆ చెయ్యి వైపుకు లాక్కుంటుంది. అలా చాపడం, లాక్కోవడం, మళ్లీ చాపడం. లాగడానికి కణంలో మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నటి గొట్టాలు తాళ్లలా పరుచుకుని ఉంటాయి. ఆ తాళ్ల మీద అడుగులేస్తూ బరువు లాగేవి మోటార్ ప్రొటీన్లు. వాటిలో డైనీన్ అనేదే ఇక్కడ పెద్ద కూలీ. తాడు పోగులు వీడిపోకుండా బిగించి ఉంచడానికి డబుల్‌కార్టిన్ అని ఇంకో ప్రొటీన్ ఉంది. కూలీలో లోపమున్నా, తాడులో లోపమున్నా కణం దారిలోనే ఆగిపోతుంది. పైకి చేరాల్సినవి చేరకపోతే మెదడు ముడతలు పడదు.

పుస్తకాల్లో దీనికి రైలు పట్టాలూ ఇంజనూ పోలిక చెబుతారు. నేనూ ఆ భార్యాభర్తలను కూర్చోబెట్టి పట్టాల కథ మొదలుపెట్టాను. నూకాలు బుద్ధిగా తలూపుతూ విన్నది. రాములు అంతా విని, రైలును సినిమాలో చూశామే గానీ అది దేనిమీద నడుస్తుందో ఎప్పుడూ గమనించలేదని మొహమాటంగా చెప్పాడు. ఈ దీవుల్లో పట్టా అన్నదే లేదు. చదువుకు ఓడెక్కేదాకా నేనే రైలు మొహం చూడలేదు. అయినా పుస్తకం చేతికొస్తే మన తెలివి ఇలాగే తెల్లారుతుంది.

అప్పుడు బోటు సంగతి చెప్పాను. ఒడ్డు మీద పైకెక్కించాల్సిన బోటుకు తాడు కట్టి మనుషులు లాగుతారు కదా. తాడు పోగులు విడిపోతే ఎంతమంది లాగినా బోటు ఇసకలో కూరుకుపోయి ఉంటుంది. ఈ బిడ్డ తలలో కణాలకు అదే అయిందన్నాను. ఇద్దరికీ వెంటనే అర్థమైంది, రాములుకు మరీ ఎక్కువగా అర్థమైంది.

"అదే మేడమ్, అల వొచ్చి తాడు తెంపీసింది," అన్నాడు.

కాదని నేను అనలేకపోయాను. కణాలు ఎక్కువగా నడిచే కాలం మూడో నెల నుంచి ఐదో నెల దాకా. అల సరిగ్గా ఆ మధ్యలో వచ్చింది. అవునని అనడానికి కూడా నా దగ్గర ఏ ఆధారమూ లేదు. తెలియదని చెప్పాను. నేను 'తెలియదు' అంటే, వాళ్లు అవుననే విన్నారు.

సముద్రాన్ని తిట్టే రోజు

అప్పటి నుంచి ఏటా అల వచ్చిన రోజున పొద్దున్నే పోలమ్మ మనవణ్ణి చంకనేసుకుని వండూర్ ఒడ్డుకు వెళ్లేది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి సముద్రాన్ని తిట్టేది. ఒకసారి మెడికల్ క్యాంపుకు వెళ్లినప్పుడు నేనూ చూశాను. బెస్తవాళ్లకు గంగమ్మ దేవతే, కానీ ఇంటి మనిషి కూడా. తోడికోడల్ని నిలదీసినట్టు నిలదీసింది.

"నీకేటి తక్కువ సేసినామే? పసుపెట్టినాం, కోణ్ణి కోసినాం. నా ఇయ్యపురాల్ని పట్టుకుపోనావు, సాలదా? కడుపులో గుడ్డు ఏటి సేసిందే నిన్ను?" అంటూ నీళ్లను అరచేత్తో కొట్టింది.

చుట్టూ జనం తలలు దించుకుని నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. తిట్టడం అయ్యాక ఆమె బిడ్డకు మంచినీళ్లతో ఒళ్లు కడిగి ఇంటికి తీసుకుపోయింది.

సైన్సు చదివినదాన్ని కాబట్టి నేను దీన్ని మూఢనమ్మకం అనాలి. అనలేను. ఇలాంటి బిడ్డ పుట్టిన ఇళ్లు నేను చాలా చూశాను. తల్లిని పుట్టింటికి తోలేసిన వాళ్లున్నారు, నీ పాపమేనని రోజూ పొడిచే వాళ్లున్నారు. వండూర్‌లో ఆ ఇంట్లో నూకాలును ఒక్కరూ ఒక్క మాట అనలేదు. తప్పంతా సముద్రం మీద వేశారు కాబట్టి ఇంట్లో ఎవరికీ దాన్ని మోసే పని పడలేదు. పోలమ్మే బిడ్డను కూర్చోబెట్టి, తల నిలబెట్టి, చిక్కటి గంజి చెంచాతో నెమ్మదిగా తాగించేది. పొలమారకుండా తాగించడం మా నర్సుల కంటే త్వరగా నేర్చుకుంది. ఓడ ఆలస్యమై మూర్ఛ మందు అయిపోయిన రోజుల్లో రాములు ఊరూ వాడా తిరిగి ఎవరింట్లో మిగిలిన సీసా ఉన్నా అడిగి తెచ్చేవాడు.

ఆ ఇంట్లో నెమ్మది లేనిది నూకాలుకొక్కదానికే. కొండెక్కేటప్పుడు గౌరిని లాగుతూ ఆమె జారి బోర్లా పడింది. కడుపు రాయికి తగిలింది. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, నాకు మాత్రం చెప్పింది. ఓపీకి వచ్చిన ప్రతిసారీ అదే ప్రశ్న ఇంకో రకంగా అడిగేది. మెల్లిగా ఎక్కి ఉంటే బిడ్డ బాగుండేవాడా? గౌరి చెయ్యి వదిలేసి ఉంటే పడేదాన్ని కాదేమో కదా? ఈ రెండో ప్రశ్న అడిగిన రోజు తనే భయపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పడినందువల్ల ఇలా అవదని నేను చెబుతూనే ఉన్నాను. ఆమె నమ్మలేదు, నమ్మించడానికి నా దగ్గర ఏమీ లేదు.

గౌరి తలలో దొరికిన జవాబు

గౌరి అక్క దగ్గరే పెరిగింది. పెద్దమనిషయ్యే వయసులో ఆమెకూ మూర్ఛలు మొదలయ్యాయి. సునామీ భయం ఇంకా ఒంట్లోనే ఉందని మెడలో తాయెత్తు కట్టారు. నేను మాత్రలు ఇచ్చాను, చాలావరకు తగ్గాయి. బాగా చదువుకుంది, హాడోలో పోర్టు ఉద్యోగి ఒకతనికి ఇచ్చి పెళ్లి చేశారు. పెళ్లయ్యాక మూర్ఛలు మళ్లీ ఎక్కువయ్యాయి. ఇక స్కాన్ తీయించక తప్పదని మెయిన్‌లాండ్ పంపాను.

ఆ ఫిల్మును నేను కిటికీ వెలుతురుకు పెట్టి చూసిన పొద్దు బాగా గుర్తుంది. పైపొర ముడతలు చక్కగానే ఉన్నాయి. కానీ దాని కింద, ఉండకూడని చోట, ఇంకొక పలచటి పొర. పైకి పోతూ పోతూ సగం దారిలో ఆగిపోయిన కణాలవి.  ఆ కణాలు నడిచింది గౌరి తన తల్లి కడుపులో ఉన్నప్పుడు, అంటే సునామీకి ఎన్నో ఏళ్ల ముందు. ఆ పొరకు ఏ అలతోనూ సంబంధం లేదు. తాడు ముందునుంచీ ఆ వంశంలోనే వీడిపోయి ఉంది.

అప్పటికి రక్తంలో ఈ లోపాన్ని వెతికే పరీక్షలు అందుబాటులోకి వచ్చాయి. అప్పన్నది, నూకాలుది, గౌరిది ముగ్గురి రక్తమూ పంపాం. ముగ్గురిలోనూ ఒకే లోపం, డబుల్‌కార్టిన్ తయారుచేసే జన్యువులో. అది ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవాళ్లకు ఆ క్రోమోజోములు రెండు ఉంటాయి కాబట్టి కొన్ని కణాలు మంచి తాడుతో పైకి చేరతాయి. అందుకే గౌరికి మూర్ఛలతో సరిపోయింది, నూకాలుకు అసలేమీ కనబడలేదు. మగబిడ్డకు ఉండేది ఒకటే, అది చెడ్డదైతే ఇక దారి లేదు. వాళ్ల అమ్మకు కూడా ఎప్పుడైనా పడిపోయే జబ్బు ఉండేదా అని అడిగితే, పొయ్యి దగ్గర రెండుసార్లు పడిందని, గాలి సోకిందనుకున్నామని నూకాలు చెప్పింది.

జవాబు వచ్చేసరికి గౌరికి రెండో నెల. ఇక వాయిదా వెయ్యడానికి వీల్లేదు. గౌరికి చెబితే అది ఆ ఇంటికంతా తెలుస్తుంది. అందుకని ముందు నూకాలును ఒంటరిగా పిలిచి కూర్చోబెట్టాను.

ఆమె అంతా విని, "నాను ఆ రోజు పడకపోయినా ఈడు ఇలగే పుట్టీవోడా మేడమ్?" అని అడిగింది.

అవునన్నాను. ఎక్కడా జారకుండా, పరిగెత్తకుండా, ఆ రోజంతా మంచం మీద పడుకుని ఉన్నా ఇలాగే పుట్టేవాడన్నాను. ఆమె ఊపిరి గట్టిగా వదిలింది. అన్నేళ్ల బరువు దిగినట్టు భుజాలు కిందికి జారాయి. నేను తేలికపడ్డాను, తొందరపడి తేలికపడ్డాను. కొంతసేపటికి ఆమె మొహం మళ్లీ మారింది.

"అయితే సముద్రం కాదన్నమాట. నా ఖూన్‌లోనే, రత్తంలోనే ఉంది," అంది. "సముద్రాన్నయితే ఒడ్డున నిలబడి తిట్టుకున్నాం మేడమ్. నన్ను నాను తిట్టుకుని ఎక్కడికెల్తాను?"

అది ఎవరి తప్పూ కాదని, మీ అమ్మ నీకు కావాలని ఇచ్చిందా అని ఏవేవో చెప్పాను. అవన్నీ నిజాలే. ఆ గదిలో వాటివల్ల ఆమెకు ఒరిగింది ఏమీ లేదు. డాక్టరుగా నాకు తెలిసిన నిజం చెప్పకుండా ఉండలేను, ఇప్పుడైనా చెబుతాను. కానీ కారణం తెలిస్తే జనానికి శాంతి దొరుకుతుందని మనకు కాలేజీలో ఎవరో నేర్పారు చూడండి, అది మాత్రం నమ్మకండి.

నూకాలు ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పేసింది. దాచిపెట్టమని నన్ను అడగొచ్చు, అడగలేదు. గౌరి కోసం చెప్పింది. వారం తర్వాత పోలమ్మ తనంతట తానే బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. ఏ తప్పూ లేకుండా ఇన్నేళ్లూ గంగమ్మను నోటికొచ్చినట్టు అన్నానా అని ఏడ్చింది. కోడల్ని ఒక్క మాట అనలేదట. కానీ కోడలితో మాటలే తగ్గిపోయాయని రాములు తర్వాత చెప్పాడు. ఆ ఏడు ఆమె ఒడ్డుకు వెళ్లలేదు. మనవడికి గంజి పట్టడం మాత్రం ఒక్క పూట కూడా మానలేదు.

ఆదివారం

గౌరి, ఆమె భర్త మెయిన్‌లాండ్ వెళ్లి కడుపులో బిడ్డకు పరీక్ష చేయించుకుని ఓడలో తిరిగొచ్చారు. జవాబు నాకు ఫోనులో వచ్చింది. గౌరి వండూర్‌లో అక్క దగ్గర ఉందని తెలిసి ఆదివారం నేనే వెళ్లాను. ఇలాంటివి ఫోనులో చెప్పకండి, ఓపీలో క్యూ మధ్యలో చెప్పకండి. వాళ్లింటికి వెళ్లండి.

చేపల వాసన, ఎండ, గుమ్మం ముందు ఆరేసిన వల. నూకాలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అప్పన్న ఆమె ఒడిలో ఉన్నాడు. పదేళ్లవాడు, కాళ్లు ఒడిలో పట్టక నేల మీదికి వచ్చేశాయి. గౌరి ఎదురుగా చాప మీద కూర్చుంది. నేను తిప్పి తిప్పి చెప్పలేదు. ఈ బిడ్డ కూడా అప్పన్నలాగే పుడతాడని చెప్పాను. ఉంచుకోవాలో వద్దో నిర్ణయం నీదేనని, ఎక్కువ సమయం లేదని, ఏది నిర్ణయించుకున్నా నేను నీ వెనకే ఉంటానని చెప్పాను. గౌరి భర్త లేచి వెళ్లి గుమ్మంలో అటు తిరిగి కూర్చున్నాడు. పోలమ్మ గంజి గిన్నె కింద పెట్టింది.

గౌరి నా వైపు చూడలేదు. అక్క వైపే చూస్తూ అడిగింది. 

"సచ్ చెప్పు అక్కా. నీకు ముందే తెలిసుంటే ఈణ్ణి కనీదానివా?"

అప్పన్నకు మాటలు తెలియవు. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు, అందరికంటే బాగా నూకాలుకు తెలుసు. అయినా ఆమె వాడి తలను దగ్గరికి తీసుకుని ఒక చెవిని తన గుండెకు అదుముకుంది. రెండో చెవిని అరచేత్తో గట్టిగా మూసింది. అప్పుడు చెల్లెలికి జవాబు చెప్పింది.

"కనీదాన్ని కాదే. నువ్వూ కనొద్దు."